గార్సియా అనే ఇంటిపేరు: పుట్టుక, అర్థం, వ్యాప్తి, బంధుత్వం

అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు తల్లి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి అమ్మాయి పెళ్లి చేసుకోబోతున్న అబ్బాయిది మెక్సికో మూలాలున్న కుటుంబం. అతని తండ్రి ఇంటిపేరు గార్సియా, తల్లి పుట్టింటి పేరు కూడా గార్సియాయే. ఒకే ఇంటిపేరు గలవాళ్లు అన్నదమ్ముల వరస అవుతారు కదా, వాళ్లకు పెళ్లి ఎలా జరిగిందని ఇంట్లో పెద్దలు కలవరపడుతున్నారు. దానికి తోడు ఈ పేరుకు "ఎలుగుబంటి" అని అర్థమనీ, ఇది ఒక రాజవంశం పేరనీ ఇంటర్నెట్‌లో చదివారు. ఆ వంశపు చిహ్నాన్ని చెక్క పలక మీద చెక్కించి పెళ్లికి కానుకగా ఇవ్వవచ్చునా అని కూడా అడిగారు. చాలాకాలంగా స్పానిష్ నేర్పుతూ, ఆ భాషలోని పాత చర్చి రిజిస్టర్లు చదవడం అలవాటైనవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

పెద్దల కలవరానికి ముందుగా సమాధానం చెప్పాలి. గార్సియా అనేది ఒక వంశానికి చెందిన పేరు కాదు. ఒకప్పుడు అది మగపిల్లలకు పెట్టుకునే మామూలు పేరు. ఆ పేరు గల వేలాది మంది పురుషుల సంతానం, ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేకుండా, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు శతాబ్దాల్లో దానిని ఇంటిపేరుగా నిలుపుకున్నారు. మన ఊళ్లో రామయ్య అనే పేరున్న ప్రతి ఒక్కరి పిల్లలూ "రామయ్య" అనే ఇంటిపేరుతో స్థిరపడ్డారని అనుకుంటే, ఆ రామయ్యలందరూ దాయాదులు కానట్లే గార్సియాలందరూ దాయాదులు కారు. ఈ మాట ఎందుకింత నిశ్చయంగా చెప్పగలుగుతున్నానో అర్థం కావాలంటే ఈ పేరు పుట్టిన చోటికి వెళ్లాలి.

ఆ చోటు స్పెయిన్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్యనున్న పైరెనీస్ పర్వతాల పశ్చిమ భాగం, అంటే బాస్క్ భాష మాట్లాడే ప్రాంతమూ దానికి ఆనుకుని ఉన్న గాస్కనీ. మధ్యయుగపు లాటిన్ పత్రాల్లో ఈ పేరు గార్సేయా, గార్సేయాస్, గార్సియాస్ వంటి రూపాల్లో కనిపిస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో పాంప్లోనా కేంద్రంగా ఉన్న చిన్న రాజ్యాన్ని, తరువాతి కాలంలో నవర్రాగా ప్రసిద్ధి పొందినదాన్ని, ఇన్యిగో అరిస్తా అనే పాలకుడు స్థాపించాడు. అతని కొడుకు గార్సియా ఇన్యిగెజ్ సుమారు 851 నుంచి 882 వరకు పాలించాడు. 859లో వైకింగులు ఇతన్ని పట్టుకుని, భారీగా సొమ్ము తీసుకున్నాకే విడిచిపెట్టారు. అతని కొడుకు ఫోర్తూన్ గార్సేస్, ఫోర్తూన్ కూతురు ఓనెకా ఫోర్తూన్యెజ్. ఈ ఓనెకా దక్షిణ స్పెయిన్‌ను ఏలిన ముస్లిం పాలకుడు, కార్డోబా ఎమిర్ అబ్దుల్లాను వివాహమాడింది. 929లో ఖలీఫాగా ప్రకటించుకున్న మూడో అబ్దుర్రహ్మాన్ ఆమెకు మనవడు.

ఈ నాలుగు తరాల పేర్లను కొంచెం జాగ్రత్తగా చూడమని కోరుతున్నాను, ఎందుకంటే స్పానిష్ ఇంటిపేర్ల వ్యవస్థ అంతా అందులోనే ఉంది. ఇన్యిగెజ్ అంటే ఇన్యిగో సంతానం, గార్సేస్ అంటే గార్సియా సంతానం, ఫోర్తూన్యెజ్ అంటే ఫోర్తూన్ సంతానం. రెండో పేరు ప్రతి తరంలోనూ మారుతోంది, కూతురికి కూడా తండ్రిపేరే వస్తోంది. ఆ కాలంలో అది ఇంటిపేరు కాదు, "ఎవరి బిడ్డ" అని చెప్పే గుర్తు మాత్రమే. ఫెర్నాండెజ్, రోడ్రిగెజ్, గొంజాలెజ్, మార్తీనెజ్, సాంచెజ్, లోపెజ్ వంటి పేర్లన్నీ ఇలా పుట్టినవే.

ఈ పేర్ల చివర "సంతానం" అనే అర్థమిచ్చే "ఎజ్" (కొన్నిచోట్ల "ఎస్") అనే ప్రత్యయం ఉంది. మరి గార్సియాకు చివర ఆ ప్రత్యయం ఎందుకు లేదన్న సందేహం రావడం సహజం. తండ్రిపేరుకు ప్రత్యయం చేర్చకుండా ఉన్నదాన్ని ఉన్నట్లుగా బిడ్డ పేరు పక్కన రాసే పద్ధతి కూడా మధ్యయుగంలో ఉండేది. మార్తీన్, అలోన్సో అనే ఇంటిపేర్లు ఆ విధంగా నిలిచినవే, గార్సియా కూడా అంతే. ప్రత్యయం చేరిన గార్సేస్ అనే రూపం ముఖ్యంగా నవర్రా, అరగాన్ ప్రాంతాల్లో ఇంటిపేరుగా ఇప్పటికీ ఉంది, కానీ సంఖ్యలో గార్సియాకు చాలా దూరంగా ఉంది. పేరుకు మరో పేరు తగిలినప్పుడు గార్సియా కుదించుకుపోయి "గార్సీ" అయ్యేది. గార్సీ, లాసో కలిసి గార్సిలాసో అయింది. పదహారో శతాబ్దపు స్పానిష్ కవిత్వాన్ని మలుపు తిప్పిన గార్సిలాసో దె లా వేగా పేరులో మొదట వినిపించేది మన గార్సియాయే.

ఇక అర్థం. గార్సియా మూలం బాస్క్ భాషలోనో, దానికి పూర్వరూపమైన ఆక్వితానియన్ భాషలోనో ఉందన్న విషయంలో పండితుల మధ్య పెద్ద వివాదం లేదు. వివాదమంతా ఏ పదం నుంచి వచ్చిందన్న దగ్గరే. ఎక్కువ మంది చెప్పేది ఎలుగుబంటి మాట. బాస్క్ భాషలో ఎలుగుబంటిని "హార్త్స్" అంటారు. ఆ భాషలో నామవాచకం చివర "ఆ" చేరితే అది "ఆ ఫలానా" అనే నిర్దేశాన్ని తెస్తుంది. ఈ వాదానికి బలమైన ఊతం రోమన్ కాలపు శాసనాలు. నైరుతి ఫ్రాన్స్‌లోని ఆక్వితేన్ ప్రాంతంలో దొరికిన లాటిన్ శాసనాల్లో "హార్స్" అని మొదలయ్యే మనుషుల పేర్లు ఉన్నాయి. జంతువుల పేర్లు మనుషులకు పెట్టుకోవడం బాస్క్ ప్రాంతంలో మామూలే. తోడేలును సూచించే ఓత్సోవా, కాకిని సూచించే బేలా నుంచి వచ్చిందని భావించే వెలాస్కో, ఈ రెండూ నేడు స్పానిష్ ఇంటిపేర్లే. లాటిన్‌లో తోడేలు అని అర్థమిచ్చే పదం నుంచి లోపే, దాని నుంచి లోపెజ్ వచ్చాయి. తోడేలూ కాకీ ఉన్న చోట ఎలుగుబంటి ఉండడంలో వింతేమీ లేదు.

రెండో వాదం ప్రకారం మూలం "గజ్తే", అంటే యువకుడు, చిన్నవాడు. దాని పాతరూపం "గర్సే" వంటిదై ఉంటుందని, అందులోంచి గార్సేయా వచ్చిందని ఈ వాదాన్ని సమర్థించేవారు అంటారు. దీనికీ తోడు నిలిచే పేర్లు ఉన్నాయి. బాస్క్‌లో కొడుకును "సేమే" అంటారు. హిమేనో అనే మధ్యయుగపు పేరు, దాని నుంచి వచ్చిన హిమేనెజ్ అనే ఇంటిపేరు ఆ పదం నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. ఇన్యిగోకు మూలమైన ఎనేకో "నా చిన్నవాడు" అనే ముద్దుపేరు కావచ్చునంటారు. ఇంట్లో పిల్లవాణ్ణి పిలిచే వరస మాటలే పేర్లుగా స్థిరపడిన ఈ వరుసలో "చిన్నవాడు" అనే అర్థం చక్కగా ఇముడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, నేను రెండో వాదం వైపు కొంచెం మొగ్గుతాను. ఎలుగుబంటి వాదం నిలవాలంటే పదం మొదట ఉన్న హకారం గకారంగా మారిందని చూపించాలి. యువకుడి వాదంలో గకారం ముందునుంచే ఉంది. అయితే ఆ వాదంలో పదం మధ్యలోని హల్లుల మార్పుకు వివరణ కావాలి కాబట్టి, దాని మీదున్న నిరూపణ భారమూ తక్కువేమీ కాదు. అందుచేత "గార్సియా అంటే ఎలుగుబంటి" అని తేల్చి చెప్పే వెబ్‌సైటును నమ్మవద్దు. "బాస్క్ మూలం, ఎలుగుబంటి కావచ్చు, యువకుడు కావచ్చు" అని చెప్పేదే నిజాయితీ గల సమాధానం. జర్మానిక్ భాషల్లో ఈటె అని అర్థమిచ్చే పదం నుంచి వచ్చిందన్న మాట కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. ధ్వని సామ్యం తప్ప దానికి ఆధారం లేదు. ఆండలూసియా, రియోహా ప్రాంతాల పల్లెల్లో నక్కను "గార్సియా" అనడం కూడా ఉంది, దాని అసలు పేరు పలకడం అశుభమని ఒక మనిషి పేరు పెట్టి పిలిచారన్నమాట. అక్కడ మనిషి పేరే జంతువుకు వెళ్లింది గనుక, పేరు పుట్టుకకు దాన్ని సాక్ష్యంగా చూపడం కుదరదు.

రాజవంశం అన్న మాటకు కొంత పునాది ఉంది, కానీ జనం అనుకునే విధంగా కాదు. ఈ పేరు గల రాజులు చాలామంది ఉన్నారు. పాంప్లోనాను 925 నుంచి 970 వరకు మొదటి గార్సియా సాంచెజ్ పాలించాడు. లియోన్‌ను 910 నుంచి 914 వరకు పాలించిన రాజు పేరు గార్సియా. కాస్తీల్యా కౌంటు గార్సియా ఫెర్నాండెజ్ 970 నుంచి 995 వరకు ఆ సీమను ఏలాడు. నాహెరా గార్సియాగా పేరొందిన నవర్రా రాజు 1054లో అతాపుయెర్కా యుద్ధంలో, తన తమ్ముడైన ఫెర్నాందో సైన్యాలతో పోరాడుతూ మరణించాడు. గలీసియాను 1065 నుంచి ఏలిన గార్సియాను అతని అన్నలు గద్దె దించారు, చివరికి చెరలోనే 1090లో చనిపోయాడు. ఇంతమంది రాజులకూ కౌంట్లకూ ఆ పేరుండడం వల్ల ప్రభువుల పేరు ప్రజలకు ఆదర్శమైంది. కొండల్లోని రైతు కూడా కొడుక్కి గార్సియా అని పేరు పెట్టుకున్నాడు. అంటే రాజులు ప్రజలకు ఇచ్చింది పేరును మాత్రమే, రక్తాన్ని కాదు. ఈనాటి గార్సియా ఇంటివారి పూర్వీకుల్లో రాజు ఉండే అవకాశం, ఏ మార్తీనెజ్ ఇంట్లోనైనా ఉండేంతే.

ఆ పేరు వాడుక పతాకస్థాయిలో ఉన్న పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఉన్న కాలంలోనే ఉత్తరాది క్రైస్తవ రాజ్యాలు దక్షిణానికి విస్తరించాయి. 1085లో తొలేదో, 1236లో కార్డోబా, 1248లో సెవిల్ వారి వశమయ్యాయి. గెలిచిన ప్రతి నగరంలోనూ ఉత్తరాది నుంచి జనాన్ని తెచ్చి, ఇళ్లూ పొలాలూ పంచిపెట్టి నిలిపారు. గార్సియా అనే పేరున్నవాళ్లు ఆ విధంగా మధ్య మైదానాల మీదుగా ఆండలూసియా దాకా వెళ్లారు. కచ్చితంగా ఆ తరువాతి కాలంలోనే తండ్రిపేరు ప్రతి తరంలో మారడం ఆగిపోయి, వంశపారంపర్యంగా నిలవడం మొదలైంది. ప్రభువుల ఇళ్లలో ఇది ముందు జరిగింది, సామాన్యుల్లో పదిహేను, పదహారు శతాబ్దాల దాకా సాగింది. 1497, 1498 సంవత్సరాల్లో కార్డినల్ సిస్నెరోస్ తన పరిధిలోని చర్చిల్లో బాప్తిస్మాలను పుస్తకంలో నమోదు చేయమని ఆదేశించాడు. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ పెళ్లిళ్ల నమోదును కాథలిక్ ప్రపంచమంతటికీ విధిగా చేసింది. పేర్లు పుస్తకంలోకి ఎక్కిన కొద్దీ అవి గట్టిపడ్డాయి.

అయినా పద్ధెనిమిదో శతాబ్దం దాకా ఇంటిపేరు ఎంపికలో స్వేచ్ఛ ఎక్కువగానే ఉండేది. సొంత అన్నదమ్ములు వేర్వేరు ఇంటిపేర్లు పెట్టుకోవడం, అమ్మమ్మ పేరునో ఆస్తి ఇచ్చిన మామ పేరునో తీసుకోవడం అరుదు కాదు. పెరూలో ఇన్కా రాకుమార్తెకూ స్పానిష్ సైనికాధికారికీ 1539లో పుట్టిన చరిత్రకారుడికి బాప్తిస్మంలో ఇచ్చిన పేరు గోమెజ్ సువారెజ్ దె ఫిగెరోవా. పెద్దయ్యాక తన తండ్రి పేరును తీసుకుని ఇన్కా గార్సిలాసో దె లా వేగాగా ప్రపంచానికి తెలిశాడు. పాతకాలం నాటి పత్రాల్లో పేరును బట్టి బంధుత్వం కట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు స్పెయిన్‌లో ఒక మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. మొదటిది తండ్రి మొదటి ఇంటిపేరు, రెండోది తల్లి మొదటి ఇంటిపేరు. పంతొమ్మిదో శతాబ్దంలో, 1870 నాటి పౌర నమోదు చట్టం, 1889 నాటి సివిల్ కోడ్ ద్వారా ఇది చట్టబద్ధమైంది. తల్లిదండ్రులు అంగీకరిస్తే క్రమం మార్చుకునే వీలు 1999లో వచ్చింది, తండ్రి పేరుకు దానంతటదే వచ్చే ప్రాధాన్యం 2017లో పోయింది. స్త్రీ పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోదు. మనకు పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారడం సంప్రదాయం కాబట్టి, ఆ అబ్బాయి తల్లి పేరులో గార్సియా చూసి అది భర్త నుంచి వచ్చిందని అనుకుంటాము. ఆమెకు అది పుట్టుకతో వచ్చింది.

తెలుగు పాఠకులకు బాగా పరిచయమున్న గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ను మనం "మార్క్వెజ్" అంటాం. ఆయన మొదటి ఇంటిపేరు గార్సియా, మార్క్వెజ్ తల్లి లుయిసా సాంతియాగా వైపు నుంచి వచ్చింది. స్పానిష్ గ్రంథాలయాల్లో ఆయన పుస్తకాలు గకారం కింద ఉంటాయి. ఇంకా ముఖ్యమైన విషయం, ఆయనకు గార్సియా అనే పేరు వచ్చిన దారి. ఆయన తండ్రి గాబ్రియేల్ ఎలీహియో పెళ్లికాని తల్లికి పుట్టాడు. ఆయనను కన్న తండ్రి ఇంటిపేరు మార్తీనెజ్, తల్లి అర్హెమీరా ఇంటిపేరు గార్సియా. బిడ్డకు తల్లి పేరే మొదటిదైంది. అంటే ప్రపంచమంతా ఎరిగిన ఆ గార్సియా ఒక నాయనమ్మ దగ్గర నుంచి వచ్చింది. కొలంబియాలోనూ మెక్సికోలోనూ ఇలాంటి వంశాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, "గార్సియా" అంటే తండ్రుల వరసలో వచ్చిన రక్తమనే ఊహ మొదటి అడుగులోనే తప్పిపోతుంది. కవి ఫెదెరికో గార్సియా లోర్కాను లోర్కా అని మాత్రమే పిలవడానికి కూడా ఈ పేరు విస్తృతే కారణం. మొదటి ఇంటిపేరు మరీ సాధారణమైనప్పుడు, గుర్తుపట్టడానికి వీలుగా రెండోదాన్ని వాడడం స్పానిష్ సమాజపు అలవాటు.

విస్తృతి ఎంతో అంకెల్లో చూద్దాం. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ లెక్కల్లో గార్సియాది ప్రథమ స్థానం. సుమారు 14.5 లక్షల మందికి అది మొదటి ఇంటిపేరు, అంటే జనాభాలో దాదాపు 3 శాతం. దాదాపు అంతే సంఖ్యలో రెండో ఇంటిపేరుగా ఉంది. రెండో స్థానం కోసం పోటీపడే రోడ్రిగెజ్, గొంజాలెజ్ వంటివి ఒక్కొక్కటి 10 లక్షల లోపే ఉంటాయి. ప్రాంతాల వారీగా చిత్రం కొంత మారుతుంది. గలీసియాలోనూ కనారీ దీవుల్లోనూ రోడ్రిగెజ్, అస్తూరియాస్‌లో ఫెర్నాండెజ్ ముందుంటాయి. రెండు ఇంటిపేర్లూ గార్సియాయే అయినవారు, అంటే ఆ అబ్బాయి వంటివారు, స్పెయిన్‌లోనే పదుల వేలల్లో ఉన్నారు. ఆ దేశంలో ఇది ఎవరికీ ఆశ్చర్యం కలిగించని విషయం.

మెక్సికోలో హెర్నాండెజ్ తరువాత వినిపించే పేరు ఇది. అక్కడికి వెళ్లిన స్పానిష్ వలసదారులు కొద్దిమందే. బాప్తిస్మం పొందిన స్థానిక ఆదివాసులకు ఫాదరీ పేరో, బాప్తిస్మపు తండ్రి పేరో, భూస్వామి పేరో వచ్చేది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారికి తరచూ యజమాని పేరు తగిలేది. అమెరికా సంయుక్త రాష్ట్రాల జనగణనలో గార్సియా 1990లో 18వ స్థానంలో, 2000లో 8వ స్థానంలో, 2010లో 11,66,120 మందితో 6వ స్థానంలో నిలిచింది. స్మిత్, జాన్సన్, విలియమ్స్, బ్రౌన్, జోన్స్ తరువాత వచ్చిన పేరు అది. ఆ గార్సియాల్లో సుమారు 92 శాతం హిస్పానిక్ వర్గంవారు. మిగిలినవారిలో ఫిలిప్పినో మూలాలవారు కొందరు.

ఫిలిప్పీన్స్ కథ వేరు. అక్కడి గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా 1849 నవంబరు 21న ఒక ఉత్తర్వు ఇచ్చి, అక్షరక్రమంలో అచ్చయిన ఇంటిపేర్ల జాబితా నుంచి కుటుంబాలకు పేర్లు పంచాడు. పన్నుల లెక్కలు సరిగ్గా ఉండాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. కొన్ని ఊళ్లలో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవడానికి ఇదే కారణం. పైగా అక్కడ క్రమం తలకిందులు. తల్లి పుట్టింటి పేరు మధ్యలో, తండ్రిది చివర ఉంటుంది. 1957 నుంచి 1961 వరకు అధ్యక్షుడైన కార్లోస్ పి. గార్సియా పేరులోని "పి" ఆయన తల్లి పుట్టింటి పేరైన పొలెస్తికో. ఫిలిప్పినో గార్సియాల్లో అధికభాగానికి స్పెయిన్‌తో రక్తసంబంధమే ఉండదు.

పోర్చుగీసు భాషలో గార్సియా వ్యక్తి పేరుగానే ఎక్కువ కాలం బతికింది. మన దేశంలో దానికి సాక్ష్యం గార్సియా దె ఓర్తా. 1563లో గోవాలో అచ్చయిన ఆయన గ్రంథం భారతీయ ఔషధ మొక్కల గురించి యూరప్‌కు ఎంతో తెలియజేసింది. ఇక్కడ గార్సియా ఆయన పేరు, ఓర్తా ఇంటిపేరు. ఆయన తల్లిదండ్రులు 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదులు. ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 1580లో, గోవా ఇన్‌క్విజిషన్, అంటే చర్చి మతవిచారణ న్యాయస్థానం, ఆయన ఎముకలను తవ్వించి తగలబెట్టింది. గోవా, ముంబై కాథలిక్కుల్లో కనిపించే "గ్రాసియాస్" అనే ఇంటిపేరును దీనితో కలపకూడదు. మొదటి భారతీయ కార్డినల్ వలేరియన్ గ్రాసియాస్ పేరులోని ఆ మాట దైవకృపను సూచించేది, దాని మూలం వేరు.

యూదుల ప్రస్తావన వచ్చింది గనుక ఒక హెచ్చరిక. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల వారసులకు పౌరసత్వమిచ్చే చట్టం 2015లో వచ్చినప్పుడు, ఫలానా ఇంటిపేర్లున్నవారంతా అర్హులని జాబితాలు వాట్సాప్‌లో తిరిగాయి, వాటిలో సాధారణమైన స్పానిష్ పేర్లు వేలకొద్దీ ఉన్నాయి. అలాంటి అధికారిక జాబితా ఏదీ లేదు. బలవంతంగా మతం మారిన యూదులూ ముస్లింలూ చుట్టూ ఉన్నవారి మామూలు పేర్లనే తీసుకున్నారు, కాబట్టి గార్సియాల్లో వారి వారసులూ ఉన్నారు, పైరెనీస్ రైతుల వారసులూ ఉన్నారు. పేరు చూసి ఎవరు ఏమిటో చెప్పడం సాధ్యం కాదు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై-క్రోమోజోమ్ మీద స్పెయిన్‌లో జరిగిన అధ్యయనాలు కూడా ఇదే చూపాయి. అరుదైన ఇంటిపేరు గల పురుషులు ఒకే మూలపురుషుడి సంతతి కావడం తరచుగా కనిపించింది. సాధారణమైన పేర్లు గలవారిలో ఎంత వైవిధ్యం ఉందంటే, యాదృచ్ఛికంగా ఎంచుకున్నవారిని పోల్చినట్లే ఉంది.

వంశచిహ్నం విషయానికి వస్తే, స్పెయిన్ సంప్రదాయంలో చిహ్నం ఇంటిపేరుకు చెందదు, ఒక నిర్దిష్ట ఊళ్లోని ఒక నిర్దిష్ట వంశశాఖకు చెందుతుంది. వేర్వేరు గార్సియా కుటుంబాలకు వేర్వేరు చిహ్నాలున్నాయి, అత్యధిక కుటుంబాలకు అసలు లేవు. దుకాణాల్లో ఎక్కువగా అమ్మే దానిమీద కొంగ ఉంటుంది, "గార్సియాకు పైన ఎవరో ఉన్నారని ఎవరూ అనకూడదు" అనే అర్థం గల నినాదం ఉంటుంది. స్పానిష్‌లో కొంగను "గార్సా" అంటారు కాబట్టి శబ్దం కలిసిందని చిత్రకారులు దాన్ని వేశారు. పేరు మూలానికి కొంగతో సంబంధం లేదు. అందువల్ల ఆ పలక కానుకగా ఇవ్వవద్దనే నా సలహా. వాళ్ల ఇంటి నిజమైన చరిత్రను వెతికి ఇస్తే అంతకంటే విలువైన కానుక ఉండదు, అది సాధ్యం కూడా.

ఇక పెద్దల అసలు సందేహమైన సగోత్రం మాట. కాథలిక్ చర్చి కూడా దగ్గర బంధువుల పెళ్లిని నిషేధించింది. అయితే దాని కొలత ఇంటిపేరు కాదు, లెక్కపెట్టిన తరాలు. 1215లో జరిగిన నాలుగో లాటరన్ సభ నుంచి 1917 దాకా, నాలుగో తరం వరకు, అంటే ముత్తాతల తల్లిదండ్రులు ఒకరే అయినవారి వరకు పెళ్లికి అడ్డంకి ఉండేది. తండ్రి వైపూ తల్లి వైపూ సమానంగా లెక్కించేవారు. మనకు మేనరికం ఆచారమైతే, వారికి మేనమామ కూతురిని చేసుకోవడానికీ ప్రత్యేక అనుమతి కావలసిందే. చిన్న ఊళ్లలో అలాంటి అనుమతులు కోరిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు ఫాదరీ వధూవరుల వంశవృక్షం గీయించి, సాక్షులను విచారించి, ఆ కాగితాన్ని భద్రపరిచేవాడు. మెక్సికో చర్చిల్లో "దిస్పెన్సా" అనే పేరుతో ఈ పత్రాలు కట్టలుగా దొరుకుతాయి. మరి 1917 నాటి కొత్త చర్చి చట్టం ఆ హద్దును మూడో తరానికి, ఆ తరువాత 1983 నాటిది ఇంకా దగ్గరి బంధుత్వానికి తగ్గించింది.

కాబట్టి ఆ అబ్బాయి తల్లిదండ్రులకు బంధుత్వం ఉందా లేదా అని నిజంగా తెలుసుకోవాలంటే చేయవలసిన పని ఇది. ముందుగా ఇద్దరి రెండేసి ఇంటిపేర్లు, పుట్టిన ఊరు, బాప్తిస్మం జరిగిన చర్చి అడిగి రాసుకోండి. మెక్సికోలో పౌర నమోదు 1859లో మొదలైంది, దానికి ముందు కాలానికి చర్చి పుస్తకాలే ఆధారం. ఈ రెండూ చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. బాప్తిస్మపు నమోదులో అవ్వాతాతల పేర్లు కూడా తరచుగా రాసి ఉంటాయి. పెళ్లి నమోదులో "దిస్పెన్సా" మాట ఉందేమో చూడండి. ఉంటే ఏ తరంలో కలిశారో అక్కడే తెలుస్తుంది. పాత కాలపు పెళ్లిలో ఆ మాట లేదంటే, ఆనాటి ఫాదరీకి బంధుత్వం కనిపించలేదనే భావించవచ్చు. గార్సియా పేరును పట్టుకుని వెనక్కి వెళితే మూడో అడుగులోనే వందమంది గార్సియాల మధ్య దారి తప్పుతారు, అందుచేత ప్రతి తరంలోనూ భార్య వైపు ఉన్న అరుదైన ఇంటిపేరును ఆధారం చేసుకోండి. కొన్ని గార్సియా కుటుంబాలకు ఊరిపేరు కూడా కలిసి ఉంటుంది. స్పెయిన్‌లోని ఆలవా సీమలో గార్సియా దె వికూన్యా వంటి జంట పేర్లు ఈ విధమైనవే. అలాంటిది దొరికితే మూలం వెతకడం చాలా సులభమవుతుంది.

స్పెయిన్ నుంచి సముద్రం దాటినవాడి పేరు దాకా చేరగలిగితే, స్పెయిన్ అమెరికా వలసల పత్రాలను భద్రపరిచిన సెవిల్‌లోని ఇండీస్ ఆర్కైవ్‌లో ప్రయాణికుల నమోదులున్నాయి. స్పెయిన్ ప్రభుత్వపు పారెస్ పోర్టల్‌లో వాటిలో చాలా భాగం ఇంటి నుంచే వెతకవచ్చు. అక్కడ గార్సియాలు వందల సంఖ్యలో ఉంటారు గనుక, ఊరి పేరూ తల్లిదండ్రుల పేర్లూ సరిపోలితే తప్ప ఎవరినీ పూర్వీకుడిగా రాసుకోకండి.